పూతమందుల చరిత్ర – పూసే చేతి బాధ్యత



మింగే మందు విషయంలో మనకు కొంత భయభక్తులు ఉన్నాయి. రోజుకు ఎన్ని మాత్రలు, అన్నానికి ముందా తరువాతా అని ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుంటాము. సూదిమందు అంటే ఇంకా జాగ్రత్త. పూతమందు దగ్గరకు వచ్చేసరికి ఆ జాగ్రత్త అంతా ఆవిరైపోతుంది. "పైపూతే కదా, ఏమవుతుంది" అంటాము. పక్కింటివారికి పనిచేసిన ట్యూబు మన ఇంటికి వస్తుంది. పెద్దవారికి రాసిచ్చిన క్రీము పసివాడి తొడల మధ్యకు చేరుతుంది. తెలుగులో "పైపూత" అన్న మాటకు లోతు లేనిది అన్న అర్థం కూడా ఉన్నది. బహుశా ఆ అర్థమే మనలను మోసం చేస్తున్నది.

పైపూత ఎప్పుడూ పైననే ఉండిపోదు. ఒక్కొక్కప్పుడు ఎంత పూసినా లోపలికి పోదు. ఒక్కొక్కప్పుడు కొద్దిగా పూసినా రక్తంలో కలుస్తుంది. ఈ తేడాను వైద్యలోకం ఒక్కరోజులో తెలుసుకోలేదు. ఒక్కొక్క మందు ఒక్కొక్క పాఠం చెప్పినది. ఆ పాఠాలలో కొన్ని మన తెలుగునాటనే ఉన్నాయి. వాటిని వరుసగా చూద్దాము. రోగికి మందు పూసే నర్సు సోదరీమణులు, ఇంట్లో ముసలివారికి, పసివారికి సేవచేసే వారు ఈ వ్యాసాన్ని ముఖ్యంగా చదవాలని నా కోరిక.

మర్హమ్ నుంచి మలాము

మనం వాడే "మలాము" ఉర్దూ మీదుగా వచ్చిన మాట. దాని మూలం అరబ్బీ "మర్హమ్". యునానీ హకీములు తేనెమైనాన్ని, నూనెలను కలిపి కరిగించి మర్హములు తయారుచేసేవారు. ఆ విద్య వారికి గ్రీకు వైద్యుల నుంచి సంక్రమించినది. క్రీ.శ. 2వ శతాబ్దపు గాలెన్ మైనం, గులాబీనూనె, నీరు కలిపి చేసిన పూతను నేటి క్రీములకు ముత్తాత అని చెబుతారు.

మన దేశంలో సుశ్రుతుడు పూతలను ప్రలేపం, ప్రదేహం, ఆలేపం అని మూడు రకాలుగా విభజించాడు. పలుచనిది ఏది, దళసరిది ఏది, దేనికి ఏది తగును అని వివరించాడు. పూత ఆరిపోయాక ఒంటిమీద ఉంచరాదని, రాత్రివేళ లేపనం వేయరాదని, వెంట్రుకలకు ఎదురుగా పూయాలని నియమాలు చెప్పాడు. చివరి నియమాన్ని నేటి వైద్యం అంగీకరించదు. జిడ్డుమందును వెంట్రుకలు వాలిన దిశలోనే పూయమంటాము; ఎదురు రుద్దితే కుదుళ్లు మూసుకుపోయి చీముపొక్కులు లేస్తాయి. నియమం మారినా, మందు పేరు చెప్పి ఊరుకోక పూసే తీరును కూడా చెప్పాలన్న ఆలోచన మాత్రం నేటికీ ఆదర్శమే.

మన పల్లెలలో తామరకు మెట్టతామర ఆకు పసరు, గజ్జికి నూనెలో కలిపిన గంధకం వాడేవారు. గంధకం నేటికీ చెల్లుబాటులో ఉన్నది. 5 నుంచి 10 శాతం గంధకపు మలామును గజ్జి సోకిన చిన్నపిల్లలకు, గర్భిణులకు వైద్యులు ఇప్పటికీ రాస్తారు. వాసన బాగుండదు, బట్టలకు మరకలు పడతాయి. అంతకుమించి అపకారం తక్కువ.

ఒక డబ్బా, ఒక సీసా

తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా ఉన్న పైమందులు రెండు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం ఒకటి. ఆ వ్యాపారపు ఆదాయమే 1908లో ఆంధ్రపత్రిక పుట్టుకకు ఆధారమైనది. తలనొప్పి మందు ఒక భాషకు పత్రికను ఇవ్వడం చరిత్రలో అరుదైన సంగతి. రెండవది, మౌలాలికి, ఉప్పల్‌కు చేరువలోనే అంబర్‌పేటలో తయారయ్యే జిందా తిలిస్మాత్. హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీగారు 1920లో రూపొందించిన ఈ యునానీ మందుకు నీలగిరి తైలం ప్రధాన ద్రవ్యం. దీనిని లోపలికీ, పైకీ కూడా వాడతారు.

కర్పూరం, పుదీనా పువ్వు అనే మెంథాల్, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ నూనె – ఇటువంటి ఘాటు ద్రవ్యాలు చర్మంలోని నరాలకు చల్లదనమో వెచ్చదనమో తెలియజేసి, అసలు నొప్పి మీది నుంచి దృష్టిని మళ్లిస్తాయి. పెద్దవారి తలనొప్పికి, కీళ్లనొప్పికి ఈ ఉపశమనం నిజమైనదే. అయితే ఏ సంస్థ తయారుచేసినదైనా ఘాటు పూతలన్నింటికీ వర్తించే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద కర్పూరం, మెంథాల్ ఉన్న పూతలు పూయరాదు. ఊపిరి బిగుసుకొనవచ్చు, ఫిట్స్ రావచ్చు. ఒక చెంచా వింటర్‌గ్రీన్ నూనెలో సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌కు సమానమైన సాలిసిలేటు ఉంటుంది. పసివాడు పొరపాటున మింగితే ప్రాణాపాయం. రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడేవారు ఇటువంటి నొప్పిమందును రోజూ ఒళ్లంతా రుద్దుకుంటే రక్తస్రావం కావచ్చు. పూసినచోట వేడి కాపడం పెడితే చర్మం కాలుతుంది.

లోపలికి చేరని నూనె

ఇక నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లికి వెళదాము. స్కాట్లండు నుంచి 1907లో మన దేశానికి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్‌తో కలిసి అక్కడ కుష్ఠురోగుల కోసం ఆశ్రయాన్ని, ఆసుపత్రిని నెలకొల్పారు. నర్సాగౌడ్ అనే స్థానిక దాత ఇచ్చిన విరాళం దానికి ఊతమైనది. 1915 నాటికి అది పనిచేయసాగింది. ఆ సేవకు గుర్తింపుగా ఆమెకు 1923లో కైజర్-ఇ-హింద్ పతకం లభించినది.

ఆ కాలంలో కుష్ఠుకు ఉన్న ఒకే ఒక ఆశ చాల్‌మూగ్రా నూనె. ఆయుర్వేదంలో దాని దగ్గరి బంధువు పేరు తువరకం. శతాబ్దాలపాటు దానిని రోగుల ఒంటికి రుద్దారు. మచ్చలున్నది చర్మం మీదనే కనుక అక్కడే రుద్దాలన్నది సహజమైన ఆలోచన. కానీ కుష్ఠు క్రిములు నరాలలో దాగి ఉంటాయి. రుద్దిన నూనె అంతదూరం చేరదు. నోటితో తాగితే వాంతులు. అందుకే 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో దానిని సూదిమందుగా మార్చారు. డిచ్‌పల్లిలోనూ ఆ సూదులే ఇచ్చారు. అవి నొప్పి కలిగించేవి, ఫలితం పాక్షికం. 1940లలో డాప్సోన్, 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చిన తరువాతనే కుష్ఠు పూర్తిగా నయమయ్యే జబ్బు అయినది.

డిచ్‌పల్లి చెప్పే పాఠం ఇది: చర్మం మీద కనిపించే ప్రతి జబ్బూ చర్మపు జబ్బు కాదు. స్పర్శ లేని మచ్చ మీద నెలల తరబడి క్రీములు మార్చి మార్చి పూయడం అంటే, లోపల నరం చెడిపోతుండగా గోడకు సున్నం వేయడమే. మచ్చ మీద దూదితో తాకితే తెలియకపోతే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, మందులు ఉచితం.

లోపలికి చేరిన విషాలు

చాల్‌మూగ్రా లోపలికి పోలేక విఫలమైనది. కొన్ని మందులు లోపలికి పోయి ప్రాణాలు తీసినవి.

మొదటిది పాదరసం. పాదరసపు మలాములు గజ్జికి, సవాయి రోగానికి, మచ్చలకు శతాబ్దాలపాటు రాజ్యమేలాయి. చర్మం గుండా చేరిన పాదరసం మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుందని తెలిసి వైద్యులు వదిలివేశారు. తెల్లబరిచే క్రీముల తయారీదారులు వదలలేదు. 2013లో కుదిరిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందం పాదరసపు సౌందర్య సాధనాలను నిలిపివేయాలని నిర్ణయించినది. అయినప్పటికీ చిరునామా లేని తెల్లబరిచే క్రీములలో అది నేటికీ దొరుకుతున్నది. రెండవది బోరిక్ పౌడరు. శిశువుల తొడల ఒరుపు మీద దానిని దట్టంగా చల్లడం ఒకప్పటి ఆనవాయితీ. చిట్లిన చర్మం నుంచి అది ఒంట్లో చేరి పిల్లలు మరణించిన సంఘటనలు వైద్యగ్రంథాలకు ఎక్కాయి.

అన్నింటికన్నా ఘోరమైనది 1972లో ఫ్రాన్సులో జరిగినది. శిశువులకు చల్లే ఒక టాల్కం పౌడరులో హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమినాశకం తయారీ లోపం వల్ల 6 శాతానికి మించి కలిసిపోయినది. 204 మంది జబ్బుపడగా 36 మంది పిల్లలు మరణించారు. వారికి ఎవరూ సూది వేయలేదు, ఏదీ తాగించలేదు. తల్లులు ప్రేమతో పౌడరు అద్దారు, అంతే.

పిల్లలకే ఎందుకు ఇంత ప్రమాదం? బరువుతో పోల్చి చూస్తే నవజాత శిశువు చర్మపు వైశాల్యం పెద్దవారికన్నా రెండున్నర నుంచి మూడు రెట్లు ఎక్కువ. లంగోటా కట్టినచోట చెమట, తడి, మూత చేరి మందు ఇంకా వేగంగా లోపలికి దిగుతుంది. గజ్జికి ఒకప్పుడు విరివిగా రాసిన గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ లోషను పిల్లలలో ఫిట్స్ కలిగించడానికి కారణం ఇదే. ఇప్పుడు దాని స్థానంలో 5 శాతం పెర్మెత్రిన్ క్రీము వచ్చినది. దానిని దురద ఉన్నచోట మాత్రమే కాక మెడ నుంచి అరికాలి వరకు, గోళ్ల కింద కూడా పూసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. వారం తరువాత మళ్లీ పూయాలి. ఇంటిల్లిపాదీ ఒకే రోజున పూసుకోకపోతే గజ్జి ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

క్రిమినాశక పూతలు

రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలపై సల్ఫా పొడి చల్లేవారు. గాయాలకు పెద్ద మేలు జరగకపోగా ఎందరికో సల్ఫా పడకుండా పోయినది. పెనిసిలిన్ మలాము కథ కూడా అంతే. చర్మం మీద పూసిన పెనిసిలిన్‌తో మొదలైన ఎలర్జీ, తరువాత ప్రాణం నిలపవలసిన సూదిమందుకు అడ్డు వచ్చేది. అందుకే ఆ మలాములను వైద్యలోకం విడిచిపెట్టినది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే, ఆయన విభాగంలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో అది లోకానికి వెల్లడైనది. సుబ్బారావుగారు మరణించినది ఆ ఏడాదే. టెట్రాసైక్లిన్ మందులన్నింటికీ అది పెద్దన్న. మాత్రలతోపాటు కంటికి, చర్మానికి మలాముగా కూడా వచ్చినది. 1968లో చార్లెస్ ఫాక్స్ రూపొందించిన సిల్వర్ సల్ఫాడయాజిన్ కాలిన గాయాల వార్డులలో నేటికీ తెల్లని క్రీముగా కనిపిస్తున్నది. సల్ఫా పడనివారికి, నెలలు నిండని శిశువులకు అది పనికిరాదని నర్సులు గుర్తుంచుకోవాలి.

యాంటీబయాటిక్ మలామును ప్రతి గీతకూ, ప్రతి దోమకాటుకూ పూస్తే క్రిములు మొండివి అవుతాయి. శుభ్రమైన చిన్న గాయానికి సబ్బు, నీరు, పైన పెట్రోలియం జెల్లీ, కట్టు చాలు. కాలినప్పుడు టూత్‌పేస్టు, సిరా పూయకుండా, 20 నిమిషాలపాటు కుళాయినీటి ధార కింద ఉంచడమే మొదటి మందు.

స్టెరాయిడ్: వరమూ, శాపమూ

1952లో అమెరికా వైద్యులు సల్జ్‌బర్గర్, విటెన్ హైడ్రోకార్టిజోన్‌ను చర్మం మీద పూసి మొండి దురదలు తగ్గుతాయని చూపారు. చర్మవైద్య చరిత్రలో అది ఒక మలుపు. తరువాతి రెండు దశాబ్దాలలో ట్రయామ్సినొలోన్, బీటామెథసోన్, క్లోబెటాసాల్ – ఒకదానికన్నా ఒకటి శక్తిమంతమైనవి వచ్చాయి. సరైన జబ్బుకు, సరైన కాలం వాడితే అవి వరమే.

ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు 1967లో కొన్ని కొలతలు ప్రచురించారు. హైడ్రోకార్టిజోన్ ముంజేతి నుంచి ఒక వంతు లోపలికి పోతే, నుదుటి నుంచి 6 వంతులు, దవడ నుంచి 13 వంతులు, వృషణాల తోలు నుంచి 42 వంతులు పోతుంది. అరికాలి నుంచి మాత్రం ముంజేతిలో ఏడవ వంతే. అదే ట్యూబు, అదే చేయి; చోటు మారితే మోతాదు మారిపోతుంది. కాలికి రాసిచ్చిన క్రీమును ముఖానికి పూయరాదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అవసరం లేదు.

1975లో క్లిగ్‌మన్ అనే వైద్యుడు మంగు మచ్చలకు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్ అనే మూడింటి మిశ్రమాన్ని సూచించాడు. పరిమిత కాలానికి, వైద్యుని కనుసన్నలలో వాడవలసిన ఆ సూత్రం మన దేశంలో రూపం మార్చుకొని ముఖం తెల్లబడే క్రీముగా బజారులోకి వచ్చినది. నెలరోజులు ముఖం మెరుస్తుంది. తరువాత చర్మం పలుచబడి ఎర్రని నరాలు తేలుతాయి, మొటిమలు లేస్తాయి, ఆడపిల్లల ముఖాన వెంట్రుకలు మొలుస్తాయి. మానివేస్తే మంట, ఆ మంటకు భయపడి మళ్లీ అదే పూస్తారు.

చట్టంలోనూ ఒక సందు ఉండేది. 1945 నాటి ఔషధ నియమాలలో చీటీ మీదనే అమ్మవలసిన మందుల జాబితా, అనగా షెడ్యూల్ హెచ్, పైపూతలకు సాధారణంగా మినహాయింపు ఇచ్చినది. పైపూత అంటే ప్రమాదం లేదన్న పాత నమ్మకమే ఆ మినహాయింపుకు పునాది. చర్మవైద్యుల సంఘం పోరాటం తరువాత 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ లేనిదే అమ్మరాదని ప్రకటించినది. కానీ కాగితం మీది నియమం దుకాణపు బల్ల దాకా రావడం కష్టంగానే ఉన్నది.

దాని ఫలితం మన మౌలాలి, నాచారం, ఉప్పల్ వీధులలో కనిపిస్తుంది. పారిశ్రామికవాడలో రోజంతా చెమటలో, బిగుతు బట్టలలో పనిచేసేవారికి తామర సులభంగా పడుతుంది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, బూజుమందు మూడూ కలిపిన ట్యూబు కొని పూస్తారు. స్టెరాయిడ్ వల్ల దురద రెండురోజులలో తగ్గుతుంది. బూజు మాత్రం అడ్డులేక పాకుతుంది. నడుము నుంచి తొడలకు, భర్త నుంచి భార్యకు, ఆమె నుంచి చంటిబిడ్డకు. మన దేశపు రోగులలో మందులకు లొంగని తామర బూజు ఎంత వ్యాపించినదంటే, 2020లో దానికి పెట్టిన శాస్త్రీయ నామంలోనే ఇండియా పేరు చేరినది: ట్రైకోఫైటాన్ ఇండోటినియే.

మందు రూపం, పూసే పద్ధతి

మా చదువు రోజులలో కాంపౌండరు గాజుపలక మీద మలామును నూరి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఇప్పుడు రంగురంగుల ట్యూబులు. రూపం ఏదైనా సూత్రం పాతదే: రసి కారే పుండుకు తడిమందు, ఎండి పగిలిన చర్మానికి జిడ్డుమందు. లోషను, జెల్ తలకు, వెంట్రుకలున్న చోట్లకు. క్రీము ముఖానికి, మడతలకు. జిడ్డుగా ఉండే ఆయింట్‌మెంట్ దళసరి పొలుసులకు. చర్మాన్ని మూసి ఉంచుతుంది కనుక మందు ఎక్కువ లోపలికి పోతుంది. జింకు వంటి పేస్టు తడి నుంచి కాపాడవలసిన చోట. పౌడరు మడతలలో ఉండలు కట్టి ఒరుస్తుంది; పుండు మీద చల్లరాదు.

ఎంత పూయాలన్నదానికి 1991లో లాంగ్, ఫిన్లే అనే వైద్యులు వేలి కొలతను సూచించారు. పెద్దవారి చూపుడువేలి చివరి కణుపు మీద ట్యూబు నుంచి గీసిన గీత సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది.

పూసేవారు పాటించవలసినవి ఇవి. మొదట చేతులు కడుక్కొని, రోగికి ఏ మందు పడదో అడగండి. చర్మాన్ని చూసి, పాత పూతను మెత్తగా తుడిచి, తడి అద్దండి. తొడుగు వేసుకోవడం రోగి కోసమే కాదు, మీ కోసం కూడా. గుండెనొప్పికి పూసే నైట్రోగ్లిసరిన్ మలాము ఒట్టి చేతికి తగిలితే పూసినవారికే తలపోటు, కళ్లు తిరగడం వస్తాయి. డబ్బాలో వేలు పెట్టకుండా శుభ్రమైన పుల్లతో తీయండి. పలుచగా, వెంట్రుకలు వాలిన దిశలో పూయండి. వైద్యుడు చెప్పనిదే పైన ప్లాస్టిక్ గాని, బిగుతు కట్టు గాని కట్టకండి. మందుపట్టీ అతికించేటప్పుడు పాతపట్టీని వెతికి తీసివేసి, జిగురువైపు లోపలికి మడిచి, పిల్లలకు అందకుండా పారవేయండి. దాని మీద వేడిసంచి పెట్టకండి. పారఫిన్ జిడ్డు ఇంకిన దుస్తులు, దుప్పట్లు నిప్పురవ్వకు భగ్గుమంటాయి కనుక, పూతలు వాడే రోగి మంచం దగ్గర బీడీ, అగరువత్తి, పొయ్యి ఉండరాదు. చివరగా ఏది, ఎక్కడ, ఎంత, ఎప్పుడు పూసినదీ రాసిపెట్టండి.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో ఉన్న ట్యూబులన్నింటినీ ఒకసారి బయటకు తీసి వెనుకవైపు చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, మొమెటాసోన్, ఫ్లూటికసోన్, క్లోబెటాసాల్, హాలోబెటాసాల్ అన్న పేర్లు ఉన్నా అది స్టెరాయిడ్. వైద్యుడు మీకోసం రాసినది కాకపోతే దానిని తామరకు, ముఖానికి, పసివారికి వాడవద్దు. నెలల తరబడి ఇప్పటికే వాడుతున్నట్లయితే హఠాత్తుగా మానకుండా, ఆ ట్యూబును వెంట తీసుకొని చర్మవైద్యుని కలవండి. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. ట్యూబును చూపడానికి సంకోచించవద్దు. ఏమి పూశారో తెలిస్తేనే ఏమి మాన్పాలో వైద్యునికి తెలుస్తుంది.

ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. మీ చికిత్సను నిర్ణయించవలసినది మిమ్మల్ని పరీక్షించిన వైద్యుడే.